నాయకుడిగా ఎదిగినందుకు సంతోషించడం సొంత డబ్బా అవుతుందా?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు నాలుగేళ్లుగా ఒక బృందాన్ని నడిపిస్తున్నారు. మొదట్లో కంటే చాలా మారారని పై అధికారులూ తోటివారూ అంటున్నారు గానీ, మీకు మాత్రం నిన్నటి లోపాలూ రేపటి గడువులూ తప్ప మరేమీ కనిపించడం లేదు. బృందం సాధించినది బృందానిదే అయినప్పుడు 'నేను ఎదిగాను' అని చెప్పుకోవడానికి ఇంకేం మిగులుతుందని అడిగారు. చెప్పుకుంటే సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందేమోనని సంకోచిస్తున్నారు. పైగా వచ్చే నెలలో జరిగే వార్షిక సమీక్షా సమావేశంలో మీ గురించి మీరే మాట్లాడవలసి ఉంది.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మీ ఎదుగుదలను మీరు గుర్తించాలి, దానికి సంతోషించాలి, ఆ సంతోషాన్ని కనీసం ఒకరిద్దరితోనైనా పంచుకోవాలి. అయితే హోదా పెరిగినందుకో లక్ష్యాల అంకెలు నిండినందుకో చేసుకునే వేడుక వేరు. నేను చెబుతున్నది మీ నడవడిలో వచ్చిన, ఇతరులు చూసి చెప్పగలిగిన మార్పుకు సంతోషించడం గురించి. విజయం బృందానిదే, అందులో సందేహం లేదు. కానీ ఒకప్పుడు మాట మధ్యలో అడ్డుపడిన మీరు ఇప్పుడు చివరిదాకా వింటున్నారంటే, ఆ మార్పు కోసం కష్టపడింది మీరే. దానికి సంతోషిస్తే ఎవరి వాటా నుంచీ ఏమీ తీసుకున్నట్టు కాదు. ఈ తేడా స్పష్టంగా తెలిసినవారికి సొంత డబ్బా అన్న భయం చాలావరకు పోతుంది. అయితే ఈ పనిని జ్ఞాపకశక్తి మీద ఆధారపడి చేయలేము, దానికి ఆధారాలు కావాలి. అవి ఎలా సంపాదించుకోవాలన్నదే ఈ జవాబులో ఎక్కువ భాగం.

నేను చాలా ఏళ్లు బృందాలను నడిపాను. కొంతకాలంగా, కొత్తగా బాధ్యతలు తీసుకున్నవారితో క్రమం తప్పకుండా కూర్చుని, వారి నిర్ణయాల గురించి మాట్లాడటమే నా పనిలో పెద్ద భాగం. మీ ప్రశ్నను వారిలో చాలామంది నుంచి విన్నాను. నిజంగా ఎదిగినవారే దీన్ని ఎక్కువగా అడగడం నేను గమనించాను. దానికి కారణం ఉంది.

ఎదుగుదల మీ కంటికి ఎందుకు ఆనదు?

మనం ఎదిగేకొద్దీ మనల్ని మనం కొలుచుకునే కొలబద్ద కూడా మారిపోతుంది. జార్జ్ హోవార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1979లో ప్రచురించిన పరిశోధనల్లో దీన్ని చక్కగా చూపించారు. శిక్షణ పొందేవారిని ముందొకసారి, తర్వాతొకసారి తమకు తామే మార్కులు వేసుకోమంటే, ఆ రెండు అంకెల మధ్య పెద్దగా తేడా లేనట్టో, ఒక్కోసారి నైపుణ్యం తగ్గినట్టో వచ్చేది. బయటి నుంచి చూసి అంచనా వేసినవారికి మాత్రం మెరుగుదల కనిపించేది. శిక్షణ వల్ల ఆ నైపుణ్యంలోని లోతు అర్థమై, అభ్యర్థులు రెండోసారి మరింత కఠినంగా మార్కులు వేసుకోవడమే ఇందుకు కారణం. హోవార్డ్ దీనికి చాలా సరళమైన ఉపాయం చెప్పారు. శిక్షణ పూర్తయ్యాక, ఇప్పుడున్న అవగాహనతోనే వెనక్కి చూసి 'అప్పట్లో నేను నిజానికి ఎక్కడున్నాను' అని మళ్లీ మార్కులు వేసుకోమన్నారు. అలా చూసినప్పుడు కనిపించిన మార్పు బయటివారి అంచనాకు దగ్గరగా వచ్చింది.

దీన్ని మీకే అన్వయించుకోండి. నాలుగేళ్ల కిందట 'ఇతరుల మాట వినడంలో మీకు పదికి ఎన్ని' అని ఎవరైనా అడిగి ఉంటే, మీరు నిస్సంకోచంగా ఏడు అని ఉండేవారు. ఇప్పుడు అడిగితే బహుశా ఆరు అంటారు. ఎందుకంటే, వినడమంటే మాటలు చెవిన పడనివ్వడం మాత్రమే కాదని, ఎదుటివారు చెప్పకుండా దాటవేసిన విషయాన్ని కూడా పట్టుకోవడమని ఇప్పుడు మీకు తెలుసు. ఇదే తెలివిడితో వెనక్కి చూస్తే అప్పటి మీకు మూడుకు మించి వేయడానికి చేయి రాదు. ఏడు నుంచి ఆరుకు దిగజారినట్టు అనిపించేది నిజానికి మూడు నుంచి ఆరుకు ఎక్కడం. మీ సమీక్షకు ముందు ఈ ఒక్క పని చేసినా చాలు. నాయకత్వంలో మీకు ముఖ్యమనిపించే నాలుగైదు విషయాలు రాసుకుని, ఒక్కోదానికి 'ఇప్పటి నేను', 'ఇప్పటి కళ్లతో చూసిన అప్పటి నేను' అని రెండు అంకెలు వేయండి. అంకెలు ఎంత ఖచ్చితంగా ఉన్నాయన్నది ముఖ్యం కాదు. అవి వేసేటప్పుడు మీకు గుర్తొచ్చే సంఘటనలే అసలు ఆధారాలు, వాటిని పక్కనే రాసిపెట్టుకోండి.

కొలబద్ద సంగతి అలా ఉంచితే, నాయకుల ఎదుగుదల చాలావరకు 'జరగని వాటి' రూపంలో ఉండటం మరో చిక్కు. పనివాడి నైపుణ్యం పెరిగితే చేసిన వస్తువులో కనిపిస్తుంది. నాయకుడి నైపుణ్యం పెరిగితే గొడవ ముదరకముందే చల్లారుతుంది, మీ బల్ల దగ్గరికి వచ్చేవారు తగ్గుతారు, మీరు సెలవులో ఉన్నా పని ఆగదు. జరగని దానిని ఎవరూ లెక్కపెట్టరు.

నేను తోడుగా ఉన్నవారిలో ఒక నాయకురాలు తాను బృందానికి అక్కరలేనిదాన్ని అయిపోతున్నానని దిగులుపడేది. మొదట్లో రోజంతా సమస్యలు తీర్చిన తృప్తితో ఇంటికి వెళ్లేదాన్నని, ఇప్పుడు ఏం చేశానో చెప్పుకోవడానికే ఏమీ ఉండటం లేదని అన్నది. మేమిద్దరం కూర్చుని, ఆమె తన బృందానికి మొదటి ఏడాదిలో పంపిన సందేశాలను, ఇటీవలి సందేశాలను పక్కపక్కన పెట్టి చదివాము. పాతవన్నీ ఆదేశాలే: ఇది ఇలా చేయండి, అది నాకు చూపించకుండా పంపకండి, ఆ విషయం నేను మాట్లాడతాను. కొత్తవి చాలావరకు ప్రశ్నలే: మీకు ఏది సరైనదనిపిస్తోంది, ఎవరితో మాట్లాడితే తేలుతుంది, నా నుంచి ఏమైనా కావాలా. ఆ కాగితాలు చూసి ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తానే అన్నది: 'వాళ్లు వాళ్ల నిర్ణయాలు తీసుకుంటున్నారు, దాన్నే నేను ఖాళీ అనుకున్నాను' అని. ఆ రోజు నుంచి ఆమె తన పనిని చూసే తీరు మారింది. అందుకే ఎవరు అడిగినా పాత సందేశాలు, పాత సమావేశాల రాతలు తీసి చదవమని మొదటగా చెబుతాను. మీ అప్పటి గొంతును ఉన్నదున్నట్టు దాచిపెట్టిన రికార్డు అంతకంటే మంచిది మరొకటి లేదు.

ఇక చేదు జ్ఞాపకాలు తీపి జ్ఞాపకాల కంటే గట్టిగా నాటుకుంటాయన్నది అందరికీ అనుభవమే. రాయ్ బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2001లో ఈ అంశం మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను ఒకచోట చేర్చి సమీక్షించినప్పుడు, దాదాపు ప్రతి రంగంలోనూ చెడు ప్రభావమే బలంగా ఉన్నట్టు తేలింది. ఏడాదంతా బాగా నడిచిన పనిలో ఒక్క కటువైన సమావేశం మీ మనసును ఆక్రమించుకుంటే, అది మీ ఒక్కరి బలహీనత కాదు.

ఏ మార్పుకు సంతోషించాలి?

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలామంది సంకేతాలను తలకిందులుగా చదువుతారు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లోని నర్సింగ్ విభాగాలలో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించి, 1996లో ఆ ఫలితాలను ప్రచురించారు. మంచి నాయకత్వం, మంచి సంబంధాలు ఉన్న విభాగాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. నమోదైన అంకెలు మాత్రం అందుకు విరుద్ధంగా, అలాంటి విభాగాల్లోనే ఎక్కువగా వచ్చాయి. ఆమె దానికి ఇచ్చిన వివరణ ఏమిటంటే, అక్కడ పొరపాట్ల గురించి దాచకుండా మాట్లాడుకోగలుగుతున్నారు కాబట్టే అవి లెక్కలోకి వస్తున్నాయి. భయం ఉన్నచోట అవి కప్పిపెట్టబడుతున్నాయి.

కాబట్టి ఈ ఏడాది మీ దగ్గరికి చెడు వార్తలు ఎక్కువగా, అదీ త్వరగా వస్తున్నాయంటే బెంగపడకండి. వాటిలో కొత్తగా పుట్టుకొచ్చిన సమస్యలు ఎన్ని, ఇంతకుముందు కూడా ఉండి మీదాకా రానివి ఎన్ని అని విడదీసి చూడండి. రెండో రకం ఎక్కువగా ఉంటే, మీ ముందు నోరు విప్పడానికి మనుషులు వెనుకాడటం లేదని అర్థం. నా దృష్టిలో ఒక నాయకుడు సంతోషించదగ్గ మార్పుల్లో ఇది అన్నిటికంటే పెద్దది.

నేను చూసే మరికొన్ని గుర్తులు చెబుతాను. కోపం వచ్చిన క్షణానికీ, మీరు జవాబు ఇచ్చే క్షణానికీ మధ్య వ్యవధి పెరిగిందా? సమావేశంలో మీ అభిప్రాయం చివరికి వస్తోందా, మొదటే వచ్చి మిగిలినవారి నోళ్లు మూయిస్తోందా? మీతో విభేదించిన వ్యక్తి మర్నాడు మామూలుగానే మీతో మాట్లాడగలుగుతున్నారా? మీ కింద పనిచేసినవారిలో ఎవరైనా మరో బృందానికి నాయకులయ్యారా? ఎవరినైనా వదులుకోవలసి వచ్చినప్పుడు ఆ మాటను వారి ముఖం చూస్తూ, కారణాలతో సహా చెప్పగలిగారా? ఇవన్నీ చూడటానికి చిన్నవిగా అనిపిస్తాయి. వీటిలో ఒక్కటి మార్చుకోవడానికి ఏళ్లు పట్టినవారిని నేను ఎరుగుదును, అందుకే వీటిని తేలిగ్గా తీసుకోను.

పదోన్నతికి సంతోషించవద్దని నేను అనడం లేదు. ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో తప్పకుండా ఆ ఆనందాన్ని పంచుకోండి. కానీ దాన్ని ఎదుగుదలకు కొలమానంగా పెట్టుకుంటే చిక్కు వస్తుంది, ఎందుకంటే అది మీ చేతిలో లేని ఎన్నో విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఖాళీ ఏర్పడటం, సంస్థ పరిస్థితి, పైవారి ఇష్టాయిష్టాలు అన్నీ అందులో ఉంటాయి. అది రాని ఏడాది మీరు ఎదగలేదని అనుకోవడం ఎంత పొరపాటో, వచ్చిన ఏడాది ఎదిగానని అనుకోవడం కూడా అంతే పొరపాటు.

నేను అనుకున్నది నిజమేనా?

సంతోషించడానికి ముందు ఒక జాగ్రత్త అవసరం. మన గురించి మన అంచనా ఎప్పుడూ తక్కువగానే ఉంటుందని అనుకోకూడదు, అది రెండు వైపులా తప్పవచ్చు. నాతో మాట్లాడే ఒకాయన తాను ఇప్పుడు అందరి మాటా వింటున్నానని గట్టిగా నమ్మేవారు. ప్రతి ఒక్కరినీ పేరుపేరునా పిలిచి అభిప్రాయం అడగడం ఆయన అలవాటు చేసుకున్నారు. బృందంలోని వారిని కదిపితే తేలింది ఏమిటంటే, ఆయన అడుగుతున్నారు గానీ, ఆ తర్వాత నిర్ణయం ఎందుకు అలా తీసుకున్నారో చెప్పడం లేదు; దాంతో అడగడం కేవలం లాంఛనమని అందరూ అనుకుంటున్నారు. ఆయనలో మార్పు వచ్చిన మాట వాస్తవమే, కాకపోతే అది సగం దూరంలో ఆగిపోయింది. నిర్ణయంతో పాటు దాని కారణాన్ని కూడా రెండు వాక్యాల్లో రాసి పంపడం మొదలుపెట్టాక మిగిలిన సగం కూడా పూర్తయింది. బృందం నోట ఆ మాట విన్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. తన అంచనా మీద మాత్రమే ఆధారపడి ఉంటే ఆయనకు అది దక్కేది కాదు.

అందుకని మిమ్మల్ని కొన్నేళ్లుగా దగ్గరగా చూస్తున్న ఇద్దరు ముగ్గురిని అడగండి. వారిలో కనీసం ఒకరు మీ కింద పనిచేసేవారు, ఒకరు మీతో ఎప్పుడైనా గట్టిగా విభేదించినవారు అయితే మంచిది. 'నేను బాగా చేస్తున్నానా' అని అడిగితే మర్యాద కోసం అవునంటారు. 'మొదట్లో నేను చేసి, ఇప్పుడు మానేసిన పని ఏదైనా ఉందా? ఇంకా మానవలసింది ఏదైనా ఉందా?' అని అడగండి. రెండో ప్రశ్న కూడా కలిపి అడగడం వల్ల వారికి నిజం చెప్పే వీలు దొరుకుతుంది, మొదటి ప్రశ్నకు వచ్చే జవాబుకు విలువ పెరుగుతుంది. జవాబు విన్నప్పుడు వివరణ ఇచ్చుకోకండి. రాసుకుని, ధన్యవాదాలు చెప్పి, అక్కడితో ఆగండి.

ఎలా వేడుక చేసుకోవాలి?

వేడుక అనగానే విందులూ కానుకలూ గుర్తొస్తాయి. మీరు కూడా 'నాకు నేను ఏదైనా కొనుక్కోవాలా' అని అడిగారు. కొనుక్కోవాలనిపిస్తే కొనుక్కోండి, అందులో తప్పేమీ లేదు. కానీ కొన్న వస్తువు మీద ఆనందం త్వరగానే మామూలైపోతుంది. మంచికీ చెడుకీ మనసు అలవాటుపడిపోతుందని ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లోనే రాశారు. నా అనుభవంలో ఎక్కువకాలం నిలిచేవి వేరే ఉన్నాయి.

మొదటిది రాసుకోవడం. తెరీసా అమబిలె, స్టీవెన్ క్రామర్ 7 సంస్థల్లోని 238 మంది ఉద్యోగుల చేత రోజువారీ డైరీలు రాయించి, దాదాపు 12,000 నమోదులను పరిశీలించారు. పనిలో మనుషులు ఉత్సాహంగా ఉన్న రోజులను మిగిలిన రోజులతో పోల్చి చూస్తే, ఆ మంచి రోజుల్లో అన్నిటికంటే తరచుగా కనిపించిన విషయం, తాము విలువైనదిగా భావించే పనిలో ఎంతో కొంత ముందడుగు పడటం. ఆ అడుగు చిన్నదైనా సరే. నాయకులకు ఇది రెండింతలు వర్తిస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే మన పనిలో ముందడుగు దానంతట అది కనిపించదు, వెతికి పట్టుకోవాలి. నేను నెలాఖరున ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకుంటాను: ఈ నెలలో నేను చేసిన ఏ పనిని ఏడాది కిందటి నేను వేరేగా చేసి ఉండేవాణ్ని? కొన్ని నెలలు జవాబు దొరకదు. దొరికిన నెలలో తేదీ, సందర్భం, ఎవరితో జరిగింది, నేను ఏమన్నాను అన్నవి వివరంగా రాస్తాను. 'ఓపిక పెరిగింది' అని రాస్తే ఆర్నెల్ల తర్వాత చదివినప్పుడు ఏ సంగతీ గుర్తుకు రాదు. 'గడువు తప్పిందని చెప్పడానికి వచ్చినప్పుడు, ఎందుకు తప్పిందని అడగకుండా, ఇప్పుడు ఏం చేద్దామని అడిగాను' అని రాస్తే ఆ గది, ఆ మనిషి కళ్లముందుకు వస్తారు.

రెండోది చెప్పుకోవడం. షెల్లీ గేబుల్, ఆమె సహచరులు 2004లో ప్రచురించిన పరిశోధనలో, మంచి విషయాన్ని మరొకరితో పంచుకున్నప్పుడు ఆ సంఘటన ఇచ్చిన ఆనందానికి అదనంగా మరికొంత ఆనందం కలుగుతుందని, వినేవారు ఆసక్తిగా, ఉత్సాహంగా స్పందిస్తే బంధం కూడా బలపడుతుందని తేలింది. వినేవారు ఎవరన్నది ఇక్కడ కీలకం. 'ఓహో, మంచిది' అని ఫోన్ చూసుకునేవారికి చెబితే, ఉన్న సంతోషం కూడా ఆవిరైపోతుంది. 'అవునా, అప్పుడు ఏం జరిగింది, నీకు ఎలా అనిపించింది' అని అడిగే మనిషిని ఎంచుకోండి. చాలామంది నాయకులకు అలాంటివారు తమ సంస్థలో ఉండరు, ఎందుకంటే పైవారికి చెబితే ప్రచారంలా ఉంటుంది, కిందివారికి చెబితే బరువుగా ఉంటుంది. మరో చోట, మీ స్థాయిలోనే బాధ్యతలు మోస్తున్న ఒక స్నేహితుడితోనో స్నేహితురాలితోనో ఒప్పందం చేసుకోండి. అప్పుడప్పుడూ కలిసి, ఒకరి ఎదుగుదల ఒకరు వినడానికి మాత్రమే కొంత సమయం కేటాయించుకోండి. కష్టాలు చెప్పుకోవడానికి మనుషులు దొరుకుతారు గానీ, దీనికి ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకుంటే తప్ప జరగదు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మీలో వచ్చిన ఒక మార్పును తీసుకుని, అది రావడానికి కారణమైన మనిషిని గుర్తు చేసుకోండి. వారికి ఆ సంగతి చెప్పండి. పేరుకు ఒక ధన్యవాదం చెప్పి ఊరుకోకుండా, ఏ రోజు ఏ మాట అన్నారో, దాని వల్ల మీరు ఏం మార్చుకున్నారో, ఆ మార్పు ఇప్పుడు ఎక్కడ ఉపయోగపడుతోందో వివరంగా చెప్పండి. నా బృందంలో అప్పట్లో అందరికంటే చిన్నదైన ఒక ఉద్యోగి, సమావేశం ముగిశాక నా దగ్గరికి వచ్చి, 'మీరు ప్రశ్న అడిగి, మేము ఆలోచించుకునేలోపే మీరే జవాబు చెప్పేస్తున్నారు' అని అన్నది. ఆ మాట మీద నేను చాలాకాలం పనిచేశాను. తర్వాత ఎప్పుడో, ఆమె మరో చోట పెద్ద బాధ్యతలో ఉన్నప్పుడు, ఉత్తరం రాసి ఈ విషయమంతా చెప్పాను. తాను ఆ మాట అన్నట్టే గుర్తు లేదని, కానీ ఆ ఉత్తరాన్ని దాచుకున్నానని జవాబు రాసింది. ఇలా చేసినప్పుడు మీ ఎదుగుదల పూర్తిగా మీదిగానే ఉంటుంది, దానిలో గర్వానికి మాత్రం చోటుండదు. మీ సంకోచానికి ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు.

బృందం ముందు మాట్లాడవలసి వస్తే, నేర్చుకున్న విషయాన్ని ముందు పెట్టి, మిమ్మల్ని వెనక ఉంచండి. 'నేను ఇప్పుడు మంచి నాయకుణ్ని అయ్యాను' అని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు. 'మొదట్లో ప్రతి పత్రం నేను చూశాకే వెళ్లాలనేవాణ్ని. మీరు చూపించిన జాగ్రత్త వల్ల అది మానుకోగలిగాను. దాని వల్ల పని వేగం పెరిగింది, నాకు కూడా ఊపిరి తీసుకునే వీలు దొరికింది' అని చెప్పవచ్చు. అందులో మీ మార్పు ఉంది, వారి పాత్ర ఉంది, ఫలితం కూడా ఉంది. పైగా నాయకుడే తాను మారుతున్నానని బహిరంగంగా చెప్పినచోట, మిగిలినవారు కూడా తాము ఇంకా నేర్చుకుంటున్నామని ఒప్పుకోవడానికి జంకరు.

ఒక హెచ్చరిక

సంబరం మనల్ని మందగింపజేసే ప్రమాదం ఉంది, ఇది ఊహ కాదు. అయెలెట్ ఫిష్‌బాక్, రవి ధర్ 2005లో ప్రచురించిన పరిశోధనలో, బరువు తగ్గాలనుకునేవారిలో తాము ఇప్పటికే చాలా పురోగతి సాధించామన్న భావన కలిగించినప్పుడు, వారు ఆపిల్‌కు బదులు చాక్లెట్‌ను ఎంచుకునే అవకాశం పెరిగింది. 'చాలా చేశాను కదా' అన్న భావన సడలింపుకు అనుమతి పత్రంలా పనిచేసింది. నాయకత్వంలో కూడా ఇది జరుగుతుంది. వినడం నేర్చుకున్నానని ధీమా పడిన మర్నాడే ఎవరి మాటనో మధ్యలో తుంచేస్తాం.

దీనికి విరుగుడు సంతోషాన్ని మానుకోవడం కాదు, దాన్ని వేరే ప్రశ్నతో ముడిపెట్టడం. సూ-చి హువాంగ్, జెన్నిఫర్ ఆకర్ 2019లో ప్రచురించిన అధ్యయనాల్లో, లక్ష్యం పూర్తి చేసినవారిని దాన్ని చేరిన గమ్యంగా కాక, నడిచి వచ్చిన దారిగా ఊహించుకోమన్నప్పుడు, వారు ఆ మంచి అలవాట్లను తర్వాత కూడా కొనసాగించే అవకాశం ఎక్కువగా కనిపించింది. కాబట్టి 'నేను ఎంత సాధించాను' అన్న దగ్గర ఆగకుండా, 'ఎలా సాధించాను, ఎక్కడ కష్టమైంది, ఏ సహాయం అందింది' అన్న వివరాల్లోకి వెళ్లండి. పైన చెప్పిన రాతపని, ఉత్తరం, స్నేహితుడితో మాటలు అన్నీ ఈ దిశలోనే పనిచేస్తాయి, అందుకే వాటిని విందు కంటే ముందు ఉంచాను.

ఫలితాలు బాగా లేని ఏడాది గురించి కూడా ఒక మాట. నేను దగ్గరగా చూసిన ఒకాయన నడుపుతున్న ప్రాజెక్టును పైవారు మధ్యలోనే రద్దు చేశారు. అంకెల ప్రకారం అది ఆయనకు అతి చెడ్డ ఏడాది. కానీ వార్త తెలిసిన రోజే ఆయన బృందాన్ని కూర్చోబెట్టి, తనకు తెలిసినదంతా చెప్పారు, తెలియనిది తెలియదన్నారు, ఆ తర్వాత ప్రతి ఒక్కరికీ తగిన పని దొరికేదాకా ఒక్కొక్కరి కోసం తిరిగారు. కొన్నేళ్ల ముందు ఇలాంటి పరిస్థితిలోనే ఆయన గదిలోంచి బయటికి రాకుండా, ఒక సందేశం పంపి ఊరుకున్నారు. ఆ ఏడాది చివర నేను ఆయనతో అన్నాను, 'మీ ఉద్యోగ జీవితంలో మీరు అన్నిటికంటే ఎక్కువ ఎదిగింది ఈ ఏడాదే' అని. ఫలితం ఓడినప్పుడు మనిషి గెలిచిన సందర్భాలు నాయకత్వంలో తరచుగా వస్తాయి. వాటిని గుర్తించకపోతే, సులువైన ఏడాదుల్లో మాత్రమే మనం ఎదుగుతామన్న తప్పుడు పాఠం నేర్చుకుంటాం.

అయితే అలాంటి సమయాల్లో బహిరంగంగా వేడుక చేయడం మాత్రం వద్దు. బృందంలో ఉద్యోగాలు పోతున్నప్పుడు, ఎవరైనా నష్టంలో ఉన్నప్పుడు, మీ ఎదుగుదలను మీ పుస్తకంలోనూ మీ స్నేహితుడి దగ్గరా ఉంచుకోండి. అది అక్కడ ఏమీ చెడిపోదు.

ఇక వచ్చే నెల సమీక్ష సంగతి. మీకు ఉన్న సమయంలో మూడింట రెండు వంతులు బృందం సాధించినదానికి, పేర్లతో సహా, ఇవ్వండి. మిగిలిన సమయంలో మీలో వచ్చిన ఒకే ఒక్క మార్పు చెప్పండి, రెండోది చెప్పాలనిపించినా ఆపుకోండి. ముందు ఎలా చేసేవారో ఒక వాక్యం, ఇప్పుడు ఎలా చేస్తున్నారో ఒక సంఘటన, దాని వల్ల బృందానికి ఏం ఒనగూరిందో ఒక వివరం, ఎవరి వల్ల నేర్చుకున్నారో ఒక పేరు. ఆ పేరు గల మనిషిని ముందే అడిగి, వారికి అభ్యంతరం లేదని నిర్ధారించుకోండి. ఆపైన, వచ్చే ఏడాది మార్చుకోవాలనుకుంటున్న మరొక అలవాటును అదే ధోరణిలో చెప్పి, అది మారిందో లేదో గమనించి చెప్పమని ఒకరిద్దరిని అక్కడే కోరండి. విశేషణాలేవీ వాడకండి, సంఘటన చాలు. ఈ లోగా పాత సందేశాలు చదవడం ఈ వారమే మొదలుపెడితే, సమావేశం నాటికి ఏ మార్పును ఎంచుకోవాలో మీకే తేలిపోతుంది. ఎంచుకోవడంలో ఇబ్బంది వస్తే ఇక్కడే మళ్లీ రాయండి, తప్పకుండా చూస్తాను.